147573952589676412927: ప్రధానం కాదని తెలిసినా, కారణాంకాలు చిక్కని సంఖ్య

పైన శీర్షికలో ఉన్నది ఫోన్ నంబర్ కాదు, ట్రాన్సాక్షన్ ఐడీ కూడా కాదు. ఇరవై ఒక్క అంకెలున్న మామూలు పూర్ణసంఖ్య. మన లెక్కలో చదివితే 14 లక్షల 75 వేల 739 కోట్ల కోట్లకు పైచిలుకు.

ఇది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం తేలిక. చదరంగం బల్ల మీద గింజల కథ మనందరం విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గడులు నిండేసరికి మొత్తం 2⁶⁴ − 1 గింజలు. ఆ బల్లకి ఇంకో మూడు గడులు అతికించామనుకోండి. 67 గడుల్లో పట్టే గింజల మొత్తం 2⁶⁷ − 1. అదే మన సంఖ్య. సీ లాంగ్వేజ్‌లో అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్ మామూలుగా 64 బిట్లు కదా, అందులో పట్టే అతి పెద్ద విలువ సరిగ్గా పాత బల్ల మొత్తమే. అంటే మన సంఖ్య అందులో పట్టదు, మూడు బిట్లు పొంగిపోతుంది.

ఇంత సంఖ్యని పట్టుకుని వ్యాసం ఎందుకంటే, దీని కథలో ఒక ఖాళీ ఉంది. 1876లో ఇది ప్రధాన సంఖ్య కాదని తేలిపోయింది. కానీ దీన్ని ఏ సంఖ్య భాగిస్తుందో 1903 దాకా లోకానికి తెలియలేదు. ఇరవై ఏడేళ్లు! "ప్రధానం కాదు" అంటే "ఏదో ఒకటి భాగిస్తుంది" అనే కదా అర్థం, మరి ఆ ఏదో ఒకటి తెలియకుండా కాదని ఎలా చెప్పారు? నాకు ఈ ప్రశ్న దగ్గరే ఆసక్తి మొదలైంది. దీని జవాబు గణిత చరిత్రలో ఒక మూలకి పరిమితమైన విషయం కాదు. మనం బ్యాంకు వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ కొట్టి నిశ్చింతగా ఉండడానికి కారణం కూడా ఇలాంటి ఖాళీయే.

సన్యాసి రాసిన జాబితా

2ని కొన్నిసార్లు హెచ్చించి అందులోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యల్లో కొన్ని ప్రధానాలు. 2² − 1 = 3, 2³ − 1 = 7, 2⁵ − 1 = 31, 2⁷ − 1 = 127. ఇక్కడ ఘాతాలు కూడా ప్రధానాలే, గమనించండి. ఘాతం సంయుక్తమైతే ఆశ వదులుకోవచ్చు. ఉదాహరణకి 2⁶ − 1 = 63. ఆరుని 2, 3 భాగిస్తాయి కాబట్టి 63ని 2² − 1 అంటే 3, 2³ − 1 అంటే 7 కచ్చితంగా భాగిస్తాయి. చదరంగం బల్ల సంఖ్య పరిస్థితి కూడా ఇంతే. 64 సంయుక్తం కాబట్టి 2⁶⁴ − 1ని 3, 5, 17 లాంటి చిన్న సంఖ్యలే ముక్కలు చేసేస్తాయి. మూడు గడులు కలిపి 67కి రాగానే ఆ తేలిక దారి మూసుకుపోతుంది, ఎందుకంటే 67 ప్రధానం.

అయితే ఘాతం ప్రధానమైతే చాలా? చాలదు. 11 ప్రధానమే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. మరి ఏ ఘాతాలకి ప్రధానం వస్తుంది? 1644లో ఫ్రాన్స్‌కి చెందిన మరిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి తన పుస్తకం ముందుమాటలో ఒక జాబితా ఇచ్చాడు. 257 దాకా ఉన్న ఘాతాల్లో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధానాలనిస్తాయన్నాడు. నిరూపణ ఇవ్వలేదు. అంత పెద్ద సంఖ్యల్ని ఆ రోజుల్లో పరీక్షించే మార్గమే లేదు. అయినా ఆయన పేరు నిలిచిపోయింది, ఇలాంటి సంఖ్యల్ని ఇప్పటికీ మెర్సెన్ సంఖ్యలనే అంటారు.

ఈ జాబితాలో ఐదు తప్పులున్నాయి. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి. మొత్తం జాబితా సంగతి తేలేసరికి 1947 వచ్చింది. మెర్సెన్ 61 అని రాయబోతే అచ్చులో 67 అయిందేమోనని కొందరి ఊహ. ఏదైతేనేం, మన సంఖ్య రెండు శతాబ్దాలకు పైగా ప్రధానంగా చలామణి అయింది.

భాగించకుండానే తీర్పు

1876లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్డ్ లూకాస్ మెర్సెన్ సంఖ్యల్ని పరీక్షించే కొత్త పద్ధతి కనిపెట్టాడు. దాన్ని 1930లో లేమర్ అనే అమెరికన్ ఇంకా శుభ్రం చేశాడు. ఆ రూపం ఎంత చిన్నదంటే మీ ఇంటర్నల్స్ ఆన్సర్ షీట్ మార్జిన్‌లో పడుతుంది:

4తో మొదలుపెట్టండి. దాన్ని వర్గం చేసి 2 తీసేయండి. వచ్చినదాన్ని మనం పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. ఆ శేషాన్ని మళ్లీ వర్గం చేసి 2 తీసేయండి. ఘాతం కంటే రెండు తక్కువసార్లు ఇలా చేయండి. చివర సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 2 కాకుండా మిగతా ప్రధాన ఘాతాలన్నిటికీ ఇది పనిచేస్తుంది.

31తో చూద్దాం. ఘాతం 5, కాబట్టి మూడు అడుగులు. 4 వర్గం 16, రెండు తీస్తే 14. దాని వర్గం 196, రెండు తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. దాని వర్గం 64, రెండు తీస్తే 62, శేషం 0. కాబట్టి 31 ప్రధానం.

ఇప్పుడు 2047. ఘాతం 11, తొమ్మిది అడుగులు. వరసగా 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివరిది సున్నా కాదు. కాబట్టి 2047 సంయుక్తం. కేసు ముగిసింది.

కానీ ఈ తొమ్మిది సంఖ్యల్లో 23 గానీ 89 గానీ ఎక్కడైనా కనిపించాయా? లేదు. మెస్సులో అడుగుపెట్టగానే పప్పు మాడిందని వాసన చెప్పేస్తుంది, పొయ్యి మీద వదిలేసింది ఎవరో మాత్రం చెప్పదు. ఈ పరీక్ష కూడా ఆ వాసన లాంటిదే. ప్రధాన సంఖ్యలన్నిటికీ తప్పనిసరిగా ఉండే ఒక లక్షణం ఈ సంఖ్యకి లేదని చూపిస్తుంది. లక్షణం లేదు కాబట్టి ప్రధానం కాదు. తర్కంలో ఎక్కడా లోపం లేదు. కానీ కారణాంకం ఊసే ఉండదు.

మన సంఖ్యకి ఈ రూపంలో 65 అడుగులు చాలు. ఒక్కో అడుగులో ఇరవై అంకెల సంఖ్యని వర్గం చేసి భాగించాలి. చేత్తో చేస్తే విసుగే, కానీ మనిషికి సాధ్యమైన విసుగు. లూకాస్ తన పద్ధతితో 2⁶⁷ − 1 ప్రధానం కాదని తేల్చాడు. అదే ఏడాది 39 అంకెలున్న 2¹²⁷ − 1 ప్రధానమని కూడా చూపించాడు.

వెతకాల్సింది ఎంత?

ఇప్పుడు రెండో పని. ఏది భాగిస్తుంది? మన సంఖ్య వర్గమూలం సుమారు 1,214 కోట్లు. చిన్న కారణాంకం అంతకంటే తక్కువే ఉండాలి. అంటే మామూలు పద్ధతిలో 1,214 కోట్ల దాకా ఒక్కొక్కటీ భాగించి చూడాలి. అది కుదిరే పని కాదు. కానీ మెర్సెన్ సంఖ్యల కారణాంకాలు ఎక్కడ పడితే అక్కడ ఉండవు. అదెలాగో చూద్దాం.

చిన్న సంఖ్య 23నే తీసుకోండి. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ, 23 దాటినప్పుడల్లా 23 తీసేయండి: 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. పదకొండు అడుగుల్లో మళ్లీ 1కి వచ్చేశాం. 2¹¹ని 23తో భాగిస్తే శేషం 1 అని దీనర్థం. అంటే 23, 2047ని భాగిస్తుంది. మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఏ బేసి ప్రధానం దగ్గరైనా, దానికంటే ఒకటి తక్కువ అడుగులు వేస్తే తప్పకుండా 1 దగ్గర ఉంటాం. 23కి అది 22 అడుగులు. పదకొండుకోసారి 1కి వచ్చే చక్రం 22వ అడుగులో కూడా 1 దగ్గర ఉండాలంటే, 22ని 11 భాగించి తీరాలి.

ఇదే వాదన మన సంఖ్యకి పెట్టండి. దాని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, రెట్టింపు చేసుకుంటూ పోతే 67 అడుగుల్లో 1కి రావాలి. 67 ప్రధానం కాబట్టి ఇంకా చిన్న చక్రం కుదరదు. అందువల్ల కారణాంకంలోంచి 1 తీసేస్తే మిగిలేది 67తో భాగింపబడాలి. కారణాంకం బేసి కాబట్టి అది 2తో కూడా భాగింపబడాలి. కలిపితే, ప్రతి ప్రధాన కారణాంకం 134 × క + 1 రూపంలోనే ఉంటుంది. ఇక్కడ క ఏదో ఒక పూర్ణసంఖ్య. ఒక్క వాదనతో ప్రతి 134 సంఖ్యల్లో 133 ఎగిరిపోయాయి!

ఇంకో జల్లెడ కూడా ఉంది. కారణాంకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఎందుకంటే 2⁶⁷ శేషం 1 అయితే 2⁶⁸ శేషం 2. కానీ 2⁶⁸ అంటే 2³⁴ వర్గం. అంటే ఆ శేషాల లోకంలో 2 ఒక పూర్ణవర్గం. బేసి ప్రధానాల్లో ఆ లక్షణం 8తో భాగిస్తే 1 లేదా 7 మిగిలేవాటికే ఉంటుంది. దీంతో మిగిలినవాటిలో సగం పోతాయి. ఈ రెండు జల్లెడల్లోంచీ బయటపడే మొట్టమొదటి ప్రధానం 1609. అంటే 3, 7, 11, 13 అంటూ మొదలుపెట్టాల్సిన పనే లేదు, మొదటి ప్రయత్నమే 1609.

నేను దీన్ని సీలో ప్రోగ్రామ్‌గా రాసి నడిపించాను. ఇక్కడ ఒక సరదా విషయం ఉంది. 21 అంకెల సంఖ్య లాంగ్ లాంగ్‌లో పట్టదని చెప్పాను కదా, అసలు దాన్ని ఎక్కడా దాచుకోవాల్సిన అవసరమే రాదు. ప్రతి క విలువకీ 1తో మొదలుపెట్టి 67 సార్లు రెట్టింపు చేయడం, దాటినప్పుడల్లా తీసేయడం, చివర 1 వచ్చిందా లేదా చూడడం. మామూలు ఇంట్ చాలు. క = 14,45,580 దగ్గర ప్రోగ్రామ్ ఆగింది. 134తో హెచ్చించి ఒకటి కలిపితే 19,37,07,721.

మూడేళ్ల ఆదివారాలు

మన ల్యాప్‌టాప్‌కి ఇది రెప్పపాటు పని. కాగితం, పెన్ను మాత్రమే ఉన్న మనిషికో? ఆ క విలువ దాకా రెండు జల్లెడలూ దాటి మిగిలేవి 7,22,790. వాటిలో 3, 5, 7, 11, 13తో పోయేవాటిని తీసేసినా సుమారు 2 లక్షల 77 వేలు మిగులుతాయి. ఒక్కో పరీక్షకి ఐదు నిమిషాలనుకుంటే 23 వేల గంటలు.

1903 అక్టోబర్ 31న న్యూయార్క్‌లో అమెరికన్ గణిత సంఘం సమావేశం జరిగింది. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఫ్రాంక్ నెల్సన్ కోల్ పెద్ద సంఖ్యల కారణాంకాల మీద పత్రం సమర్పించాడు. ఆ రోజు ఏం జరిగిందో ఎరిక్ టెంపుల్ బెల్ తర్వాతి కాలంలో రాసిన కథ ఇది. కోల్ బోర్డు దగ్గరికి వెళ్లి, నోరు విప్పకుండా, 2ని 67 ఘాతానికి పెంచి 1 తీసేశాడు. తర్వాత బోర్డు మీద ఖాళీగా ఉన్న చోటికి జరిగి ఈ గుణకారం చేశాడు:

193707721 × 761838257287

రెండు జవాబులూ ఒకటే. కోల్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడు. సభ చప్పట్లు కొట్టింది. దీనికి ఎంతకాలం పట్టిందని తర్వాత అడిగితే "మూడేళ్ల ఆదివారాలు" అన్నాడట. బెల్ కథ చెప్పడంలో దిట్ట, కాబట్టి చప్పట్ల సంగతి కొంచెం ఉప్పు తగిలించి చెప్పిందే అయినా కావచ్చు. కారణాంకాల సంగతి మాత్రం అనుమానానికి తావులేనిది.

మూడేళ్ల ఆదివారాలంటే 156 రోజులు. రోజుకి పది గంటలు కూర్చున్నా 1,560 గంటలు. ఇందాకటి 23 వేల గంటల పక్కన పెట్టి చూడండి. ఒక్కొక్కటీ భాగించుకుంటూ పోతే కోల్‌కి ఆ ఆదివారాలు చాలేవి కావు. ఆయన వర్గ శేషాల్ని వాడి, కారణాంకాలు ఎక్కడ ఉండే వీలుందో ఇంకా ఇంకా బిగించుకుంటూ వచ్చాడు. అమెరికన్ గణిత సంఘం ఇచ్చే కోల్ బహుమతి ఆయన పేరు మీదిదే. 2008లో సంఖ్యా సిద్ధాంతానికి గాను అది మంజుల్ భార్గవకి వచ్చింది.

గుణకారం సరైనదో కాదో చూడడానికి తొమ్మిదుల తనిఖీ ఉంది. మొదటి సంఖ్య అంకెల మొత్తం 37, అంటే 10, అంటే 1. రెండోదానిది 64, అదీ 1. మన పెద్ద సంఖ్యది 109, అదీ 1. ఒకటి ఒకట్ల ఒకటి, సరిపోయింది. ఇది పూర్తి నిరూపణ కాదు, కానీ పదిహేను సెకన్లలో ధైర్యం ఇస్తుంది. పూర్తిగా హెచ్చించి చూసుకోవాలన్నా ఒక కాగితం, కొంచెం ఓపిక చాలు. కనుక్కోవడానికి మూడేళ్లు పట్టినదాన్ని సరిచూసుకోవడానికి నిమిషాలు పడతాయి.

ఆ ఖాళీలోనే మన తాళం

ఇప్పటికి మూడు పనులు చూశాం. ప్రధానమా కాదా తేల్చడం: త్వరగా అయ్యే పని. కారణాంకాలు కనుక్కోవడం: చాలా నెమ్మది పని. దొరికినవాటిని హెచ్చించి సరిచూడడం: అతి తేలిక. వీటి మధ్య ఉన్న తేడాని తాళంగా వాడొచ్చని 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ చూపించారు. వాళ్ల పేర్లలోని మొదటి అక్షరాలతోనే ఆర్‌ఎస్‌ఏ.

తాళం తయారుచేసేవాడికి మూడొందల పైచిలుకు అంకెలున్న రెండు ప్రధానాలు కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయి? యాదృచ్ఛికంగా ఒక బేసి సంఖ్య తీసుకుని, ప్రధానమా కాదా పరీక్షించి, కాకపోతే ఇంకోటి. పరీక్ష త్వరగా అవుతుంది కాబట్టే ఇది సాధ్యం. ఆ రెండింటినీ హెచ్చించి వచ్చిన 617 అంకెల సంఖ్యని బహిరంగంగా పెట్టేయొచ్చు. అది ప్రధానం కాదని అందరికీ తెలుసు. తాళం పగలాలంటే దాని కారణాంకాలు కావాలి, అక్కడే అందరూ ఆగిపోతారు.

ఈ రెండు పనుల్లో మొదటిది నిజంగానే తేలికని పూర్తిగా నిరూపించింది మనవాళ్లే. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యకైనా పనిచేసే పరీక్ష ఇచ్చారు. అంకెల సంఖ్య పెరిగితే దానికి పట్టే సమయం బహుపది వేగంతోనే పెరుగుతుంది, ఘాతాల వేగంతో కాదు. అందులో అదృష్టం మీద ఆధారపడేది ఏమీ లేదు. కయాల్, సక్సేనా అప్పటికి బీటెక్ ముగించి కొద్ది నెలలే. ఆచరణలో ఇంకా వేగమైన యాదృచ్ఛిక పరీక్షలే వాడతారు, కానీ సిద్ధాంతంలో ఉన్న ప్రశ్న ఆ రోజుతో తీరిపోయింది.

రెండో పని నిజంగానే కష్టమని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. వేగమైన దారి దొరకలేదంతే. 1977లో సవాలుగా ప్రకటించిన 129 అంకెల సంఖ్య 1994లో విడిపోయింది. 250 అంకెలది 2020లో విడిపోయింది. 617 అంకెల సవాలు సంఖ్య అలాగే ఉంది. సరిపడా పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ తయారైతే ఈ పని తేలికవుతుందని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. అందుకే ఇప్పుడు వేరే రకం తాళాల వైపు ప్రపంచం కదులుతోంది. అందాకా, ఆర్‌ఎస్‌ఏ వాడే ప్రతిచోటా మన రహస్యాలు "తెలివైనవాళ్లు చాలామంది వెతికారు, దొరకలేదు" అన్న మాట మీదే నిలబడి ఉన్నాయి. లూకాస్‌కి, కోల్‌కి మధ్య ఉన్న ఇరవై ఏడేళ్ల లాంటి ఖాళీ మీద.

మీరూ ప్రయత్నించాలనుకుంటే ఒక సంఖ్య చెబుతాను. 1952లో రాఫెల్ రాబిన్సన్ కంప్యూటర్ మీద లూకాస్ పరీక్ష నడిపించి 2¹²⁷⁹ − 1 ప్రధానమని తేల్చాడు. దాని పక్కనే ఉంది 2¹²⁷⁷ − 1. 385 అంకెలు. అదే పరీక్షలో అది ప్రధానం కాదని తేలింది. నేనిది రాస్తున్న సమయానికి దాని కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు. ఉన్నాయని తెలుసు. 2554 × క + 1 రూపంలో ఉంటాయని తెలుసు. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగులుతుందని తెలుసు. క విలువ ఎంతో తెలియదు.